ఎనిమిది రోజుల సువార్త

తెలుగునాట "మిషను" అన్న మాటకు వాడుకలో రెండర్థాలు స్థిరపడ్డాయి. ఒకటి కుట్టుమిషను, పిండిమిషను అనేటప్పటి యంత్రార్థం. రెండవది మిషను ఆసుపత్రి, మిషను బడి, మిషను కాంపౌండు అనేటప్పటి అర్థం. ఈ రెండవ అర్థంలో ఆ మాట వినగానే కోస్తా జిల్లాల పెద్దలకు ముందుగా మనసులో మెదిలేవి కట్టడాలు: ఎత్తైన వసారాలు, గంటగోపురం, చింతచెట్ల నీడ, ఓ మూలగా దొరల సమాధులు. లాటిను భాషలో ఆ పదానికి మూలార్థం "పంపడం". పంపబడినవాడు మన గడ్డమీద దిగి, ఇల్లు కట్టుకుని, బడి పెట్టి, చివరకు ఇక్కడి మట్టిలోనే కలిసిపోవడంచేత, పంపడాన్ని సూచించే మాట మనకు ఉండిపోవడాన్ని సూచించేదిగా మారింది.

గడచిన అరవై డెబ్బై ఏళ్ళలో ఈ మాట మరో మలుపు తిరిగింది. అమెరికాలోని చర్చిలలో నేడు దాని వెంట తరచుగా వినిపించే మాట "ట్రిప్". వేసవి సెలవుల్లోనో, వసంతకాలపు సెలవుల్లోనో పదిమంది యువకులు ఒక పాస్టరు వెంట మెక్సికోకో, గ్వాటెమాలాకో, కెన్యాకో, భారతదేశానికో పోయి, ఒక గోడకు రంగువేసి, పిల్లలతో ఆటలాడి, సాయంత్రాలు సువార్త చెప్పి, వారం పదిరోజుల్లో ఇంటికి తిరిగివచ్చే యాత్రకు మిషన్ ట్రిప్ అని పేరు. జీవితకాలపు పని ఒక సెలవుల్లో ముగిసే పనిగా ఎలా మారింది? మారడంవల్ల ఎవరికి ఏమి ఒరిగింది, ఏమి తరిగింది? ఈ వ్యాసంలో పరిశీలించదలచినది ఆ చరిత్రనే. మతం మంచిదా చెడ్డదా, మార్పిడి తగునా తగదా అన్న వాదం పాతది, పెద్దది. దాని జోలికి ఇక్కడ పోవడంలేదు. నా ప్రశ్న కాలాన్ని గురించినది. ఒక పరాయి ఊరికి మేలు చేయబూనినవాడు ఆ ఊళ్ళో ఎన్నాళ్ళుండాలి?

* * *

కొత్త పద్ధతి అర్థం కావాలంటే పాతదాన్ని కొంచెమైనా తలచుకోక తప్పదు. దానికి మన ప్రాంతమే మంచి ఉదాహరణ. లండన్ మిషనరీ సొసైటీ పంపగా జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ అనే ఇద్దరు 1805లో విశాఖపట్నం చేరారు. వారు చేపట్టిన మొదటి పని తెలుగు నేర్చుకోవడం. ఆనందరాయర్ అనే, క్రైస్తవం స్వీకరించిన బ్రాహ్మణుని తోడ్పాటుతో సువార్తలను తెలుగు చేయడానికి పూనుకున్నారు. 1809లో క్రాన్, 1810లో డెగ్రాంజెస్ మరణించారు. వారు అనువదించిన మొదటి మూడు సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయ్యాయి. అచ్చయిన పుస్తకాన్ని కంటితో చూసే భాగ్యం వారిద్దరిలో ఒక్కరికీ దక్కలేదు.

ఆ తరువాత వచ్చినవాడు అమెరికన్ బాప్టిస్టు శామ్యూల్ డే. 1835 సెప్టెంబరులో బోస్టన్ రేవున ఓడ ఎక్కి 1836 ఫిబ్రవరిలో కలకత్తాలో దిగాడు. ప్రయాణానికే నాలుగు నెలలు దాటింది. అంతదూరం వచ్చినవాడు వారంలో తిరిగిపోవడమన్న ఊహే పుట్టదు కదా! 1840లో అతడు నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్ళు గడిచినా సంఘంలో చేరినవారు వేళ్ళమీద లెక్కింపదగినంతమందే. అమెరికాలోని పెద్దలు ఈ కేంద్రాన్ని మూసివేద్దామని ఒకటికి రెండుమార్లు చర్చించారు. 1853లో ఆల్బనీ నగరంలో జరిగిన అటువంటి చర్చలోనే, పటంలో ఒంటరిగా కనిపించే చుక్కను ఉద్దేశించి ఒకరన్న మాటమీదుగా నెల్లూరు మిషనుకు "ఒంటరి తార" అన్న పేరు వచ్చింది.

ఆ తరువాతి కథ ఒంగోలు ప్రాంతం వారికి తెలిసినదే. 1866లో ఒంగోలులో కాపురంపెట్టిన జాన్ క్లౌ, 1876-78 నాటి మహాకరవులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకపు పనిలో కొంతభాగాన్ని గుత్తకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. తిండికోసం మతంలో చేరారన్న మాట రాకూడదని, కరవు తీవ్రంగా ఉన్న నెలల్లో బాప్తిస్మాలు పూర్తిగా నిలిపివేశాడు. కరవు తగ్గాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. డే కలకత్తాలో దిగిన నాటినుండి లెక్కిస్తే ఆ రోజుకు నలభైరెండేళ్ళు.

ఈ పాతకాలాన్ని పొగడడం నా ఉద్దేశం కాదు. దొరతనం నీడ ఆ మిషనులమీద దట్టంగానే పడింది. మన ఆచారాలను గురించి వారు తమ దేశాలకు రాసిపంపిన లేఖల్లో తొందరపాటు తీర్పులకు కొదవలేదు. మరొక మాట కూడా చెప్పుకోవాలి: ఒంగోలు ఉద్యమాన్ని పల్లెపల్లెకూ మోసినవారు దొరలు కారు, యెర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ పెద్దలు. ఏళ్ళ తరబడి ఉండడంవల్ల క్లౌకు దక్కినది, ఆ పేరయ్యలు చెప్పేది వినగలిగే చెవి. ఎవరు నిజం చెబుతున్నారో, ఎవరు మొగమాటానికి తల ఊపుతున్నారో గుర్తుపట్టడానికి కొన్నేళ్ళయినా పడుతుంది. భాష వచ్చినవాడిని ఊరివాళ్ళు తిట్టగలరు, తప్పు పట్టగలరు, బేరమాడగలరు. పాత మిషనరీ ఎంత పెత్తందారయినా ఆ తిట్టు వినక తప్పేదికాదు.

* * *

సెలవులకూ మిషనుకూ మొదటిసారి ముడిపడినది 1886 వేసవిలో. మసాచుసెట్స్ రాష్ట్రంలోని మౌంట్ హెర్మన్ అనేచోట డి. ఎల్. మూడీ అనే ప్రసిద్ధ ప్రసంగీకుని ఆధ్వర్యంలో కళాశాల విద్యార్థుల సదస్సు జరిగింది. అది ముగిసేలోపల దాదాపు నూరుమంది విద్యార్థులు తాము విదేశాలకు మిషనరీలుగా పోతామని మాట ఇచ్చారు. దానినుండి పుట్టిన విద్యార్థి స్వచ్ఛంద ఉద్యమం తరువాతి దశాబ్దాల్లో సుమారు 20,000 మందిని విదేశాలకు పంపింది. వారు సెలవుల్లో చేసినది నిర్ణయం మాత్రమే, పోయినది జీవితకాలానికి. నిర్ణయమూ ప్రయాణమూ తిరుగురాకా అన్నీ ఒకే సెలవుల్లో ఇమడడానికి మరో డెబ్బై ఏళ్ళు పట్టింది.

ఆ మార్పుకు దారి వేసినవి చక్రాలూ రెక్కలూ. 1869లో సూయజ్ కాలువ తెరుచుకోవడంతో ఐరోపానుండి మన దేశానికి ఓడప్రయాణం నెలలనుండి వారాలకు తగ్గింది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత అమెరికాలో మధ్యతరగతికి కారూ, జీతంతోకూడిన సెలవూ అందుబాటులోకి వచ్చాయి. 1958 అక్టోబరులో పాన్ ఆమ్ సంస్థ బోయింగ్ 707 జెట్ విమానాన్ని న్యూయార్కు-పారిస్‌ల మధ్య నడపసాగింది. మహాసముద్రం దాటడం ఒక రాత్రి నిద్రంత పని అయింది. దూరం తగ్గినప్పుడు దూరంతోపాటు వచ్చే కట్టుబాటు కూడా తగ్గుతుంది. నాలుగు నెలలు ఓడలో కూర్చున్నవాడు నాలుగేళ్ళకు తక్కువ ఉండడు. ఒక రాత్రి విమానంలో కూర్చున్నవాడికి వారం కూడా ఎక్కువే.

ఈ కొత్త పద్ధతికి ఇద్దరు యువకుల పేర్లు ముడిపడి ఉన్నాయి. మొదటివాడు జార్జ్ వెర్వర్ (1938-2023). టెనెసీ రాష్ట్రంలోని ఒక కళాశాలలో చదువుతూ, 1957 వేసవిలో డేల్ రోటన్, వాల్టర్ బోర్చర్డ్ అనే ఇద్దరు మిత్రులతో కలిసి, ఒక పాత ట్రక్కునిండా స్పానిషు సువార్త ప్రతులు వేసుకుని మెక్సికోకు బయలుదేరాడు. అప్పటికి అతని వయసు పందొమ్మిది. ఆ వేసవియాత్రే పెరిగి పెద్దదై, 1960ల తొలినాళ్ళకు ఆపరేషన్ మొబిలైజేషన్ అన్న సంస్థగా రూపుకట్టింది.

రెండవవాడు లోరెన్ కన్నింగ్‌హామ్. 1956లో, ఇరవై ఏళ్ళప్పుడు, ఒక గాయకబృందంతో బహామాస్ దీవులకు పోయినపుడు, ప్రపంచపటం మీద అలలు ఎగసి, ఆ అలలు యువజనులుగా మారి భూఖండాలను ముంచెత్తినట్టు తనకొక దర్శనం కలిగిందని ఆయన చెప్పుకున్నాడు. 1960లో యూత్ విత్ ఎ మిషన్ అన్న సంస్థను స్థాపించాడు. 1964 వేసవిలో 146 మంది యువకులను బహామాస్‌కూ, డొమినికన్ రిపబ్లిక్‌కూ పంపాడు. అప్పటిదాకా మిషనరీ కావాలంటే వేదాంతపాఠశాల చదువు, వైద్యపరీక్ష, సంఘపెద్దల ఆమోదం, ఏళ్ళ తరబడి నిరీక్షణ తప్పనిసరి. ఈ సంస్థలు ఆ మెట్లన్నిటినీ పక్కనబెట్టి, ఉత్సాహమూ దారిఖర్చులూ ఉంటే చాలునన్నాయి. 1961లో అమెరికా ప్రభుత్వమే పీస్ కోర్ పేరిట యువకులను రెండేళ్ళ సేవకు విదేశాలకు పంపడం మొదలుపెట్టింది. కొంతకాలం పోయి సేవచేసి తిరిగి రావడమనే భావన ఆ దశాబ్దపు గాలిలోనే ఉందన్నమాట.

వెర్వర్ సంస్థ 1960ల నడుమకు భారతదేశం కూడా చేరింది. ట్రక్కుల్లో దేశదేశాల యువకులు, వారితో మన యువకులు, ఊరూరా తిరిగి చిన్నపుస్తకాలు అమ్మేవారు. ఆ సంస్థ భారతశాఖకు తరువాతికాలంలో హైదరాబాదే ప్రధానకేంద్రమయింది. మన దేశంలో పర్యాటక వీసామీద వచ్చినవారు మతప్రచారం చేయకూడదు. మిషనరీ వీసా వేరు. అయినా కొద్దిరోజులకని వచ్చే ప్రసంగీకులు తెలుగునాట సువార్తసభల వేదికలకు కొత్తవారేమీ కారు. ఆ సభలకు వెళ్ళినవారికి వేదికమీద పక్కపక్కనే నిలిచే ఇద్దరు వక్తలు గుర్తుంటారు. దొర ఒక వాక్యం చెబుతాడు, పక్కనున్న తెలుగు పాస్టరు దాన్ని తర్జుమా చేస్తాడు. మంచి తర్జుమాకారుడు దొర పలికిన అమెరికా ఉపమానాన్ని పొలానికో, పశువులకొట్టానికో మార్చి చెబుతాడు, సభ నవ్వుతుంది, తన మాటకే నవ్వారనుకుని దొర కూడా నవ్వుతాడు. సభకు ఊపిరిపోసిన ఆ తర్జుమాకారుని పేరు మాత్రం ఆ దొర ఇంటికి రాసే నివేదికలో కనబడడం అరుదు.

* * *

ఈ పద్ధతిమీద మొదటి పెద్ద దెబ్బ బయటివారు కొట్టినది కాదు. ఒక కేథలిక్ గురువు కొట్టాడు. ఇవాన్ ఇల్లిచ్ 1926లో వియన్నాలో పుట్టి, న్యూయార్కులో ప్యూర్టోరికో వలసజనం నడుమ గురువుగా పనిచేసి, 1956లో ప్యూర్టోరికోలోని పొన్సే కేథలిక్ విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షుడయ్యాడు. 1961లో పోపు ఇరవైమూడవ జాన్ తరఫున ఉత్తర అమెరికా గురుకన్యాసంఘాలకు ఒక పిలుపు వచ్చింది: మీ బలగంలో పదోవంతును లాటిన్ అమెరికాకు పంపండి అని. అదే ఏడు ఇల్లిచ్ మెక్సికోలోని కుయెర్నవాకాలో ఒక శిక్షణకేంద్రం తెరిచాడు. దక్షిణానికి పోదలచిన గురువులూ, కన్యస్త్రీలూ, గృహస్థులూ అక్కడ నెలల తరబడి స్పానిషు నేర్చుకోవాలి. తాము పోయే దేశపు చరిత్ర చదవాలి. తమకు ఎంత తెలియదో ముందు తెలిసివచ్చేలా చేయడమే ఆ శిక్షణ సారం. వచ్చినవారిలో కొందరు ఆ మాట తెలుసుకుని, పోవడం మానుకుని, ఇంటిదారి పట్టాలన్నది కూడా ఇల్లిచ్ కోరికే.

1968 ఏప్రిల్ 20న, వేసవుల్లో మెక్సికో పల్లెలకు సేవకు పోయే అమెరికన్ విద్యార్థుల సమావేశంలో మాట్లాడడానికి ఇల్లిచ్‌ను పిలిచారు. పొగడ్త ఆశించిన సభకు ఆయన నిష్ఠురం వడ్డించాడు. మీ సదుద్దేశాన్ని నేను శంకించడంలేదు, ఆ సదుద్దేశమే ఇక్కడ ప్రమాదం అన్నాడు. మీరు దిగిన పల్లెవాళ్ళకు మిమ్మల్ని పొమ్మనే శక్తి లేదనీ, వాళ్ళు మిమ్మల్ని తిట్టినా ఆ తిట్టు మీకు అర్థంకాదనీ చెప్పాడు. అంతగా సేవ చేయాలనిపిస్తే మీ దేశపు పేదల మధ్యనే చేయండి, కనీసం వాళ్ళు మీ భాషలో మీ మొహానే వద్దని చెప్పగలరన్నాడు. అతిథులుగా, విద్యార్థులుగా రావడానికి అభ్యంతరం లేదనీ, ఉపకారులుగా మాత్రం రావద్దనీ ముగించాడు.

ఇల్లిచ్ మాటలో అతి లేకపోలేదు. ఏ అపరిచితుడూ ఏ అపరిచితునికీ ఎన్నడూ చేయి అందించరాదంటే లోకం సాగదు. కాని ఆయన వేలుపెట్టి చూపిన పుండు నిజమైనది. నెల్లూరులో డే తిట్టు వినవలసివచ్చేది. మెక్సికో పల్లెలో మూడువారాల విద్యార్థికి ఆ అవసరంలేదు. ఎదుటివాని జవాబు వినకుండానే ముగిసిపోయే సంభాషణ అది.

ఇల్లిచ్ వద్దన్నాడని ప్రవాహం ఆగలేదు, పెరిగింది. సామాజికశాస్త్రవేత్త రాబర్ట్ వుత్‌నౌ 2005 నాటి సర్వే ఆధారంగా వేసిన అంచనా ప్రకారం, అమెరికా చర్చిల సభ్యుల్లో ఏటా సుమారు 16 లక్షలమంది పెద్దలు ఇటువంటి యాత్రలకు విదేశాలకు పోతున్నారు. ప్రయాణదినాలు తీసివేస్తే ఆ యాత్రల మధ్యస్థ నిడివి ఎనిమిది రోజులు. ఈ వ్యాసానికి పేరు అక్కడిదే.

ఈ ఎనిమిది రోజుల లెక్క తేల్చడానికి పూనుకున్నవాడు కర్ట్ వెర్ బీక్. ఆయన కూడా విశ్వాసే, క్రైస్తవ కళాశాలలో అధ్యాపకుడే, పైగా ఏళ్ళ తరబడి హోండురాస్‌లో కాపురముంటున్నవాడు. 1998 అక్టోబరు చివర మిచ్ తుపాను హోండురాస్‌ను ఊడ్చిపెట్టింది. వేలమంది పోయారు, లెక్కలేనన్ని ఇళ్ళు కొట్టుకుపోయాయి. ఉత్తర అమెరికానుండి జట్లుజట్లుగా వచ్చి ఇళ్ళు కట్టారు. స్థానిక సంస్థలూ కట్టాయి. వెర్ బీక్ రెండింటినీ పోల్చి 2006లో తన అధ్యయనాన్ని ప్రకటించాడు. ప్రయాణపు ఖర్చులు కలుపుకుంటే విదేశీ జట్లు కట్టిన ఇల్లు ఒక్కొక్కటి సుమారు 30,000 డాలర్లయింది. స్థానికులు కట్టినది సుమారు 2,000 డాలర్లు. అంటే ఒక జట్టు రాకపోకలకూ ఇంటికీ పెట్టిన సొమ్ముతో పదిహేను కుటుంబాలకు గూడు అమరేది. ఇంటివారి బతుకుల్లో వచ్చిన మార్పు చూస్తే, విదేశీయులు కట్టిన ఇంటికీ తమవాళ్ళు కట్టిన ఇంటికీ చెప్పుకోదగిన తేడా కనబడలేదు.

దీనికి యాత్రల సమర్థకులు చెప్పే జవాబు ఒకటుంది. ఇల్లు ఒక సాకు మాత్రమేననీ, అసలు మార్పు పోయినవారిలో వస్తుందనీ, తిరిగివచ్చాక వారు పేదలకు మరింత ఇస్తారనీ, మరింత ప్రార్థిస్తారనీ అంటారు. వెర్ బీక్ దాన్నికూడా వదలలేదు. పోయివచ్చినవారిని మళ్ళీ పలకరించి చూశాడు. తాము మారామని చెప్పినవారు చాలామందే. ఇచ్చే విరాళాల లెక్కలు చూస్తే ఆ మార్పు చాలా స్వల్పం. యాత్రలో పొంగిన ఉత్సాహం, దాన్ని ఊరించి పట్టివుంచే కట్టుబాటు ఏదీ లేక, ఇంటికి చేరాక చల్లబడుతుంది.

డాలర్లతో పోయే నష్టమైతే పోనీ అనుకోవచ్చు. ప్రాణాలతో చెల్లించిన సందర్భాలూ ఉన్నాయి. పాశ్చాత్యదేశాల చర్చిలనుండి ఈ పద్ధతిని అందుకున్నవారిలో దక్షిణ కొరియా చర్చిలు ముఖ్యమైనవి. 2007 జూలై 13న సియోల్ శివారులోని ఒక ప్రెస్బిటేరియన్ చర్చి సభ్యులు వైద్య, విద్యాసేవలకని అఫ్ఘానిస్తాన్ బయలుదేరారు. పదిరోజుల్లో తిరిగిరావలసిన యాత్ర. జూలై 19న కాబూలునుండి కాందహారుకు బస్సులో పోతుండగా గజనీ దగ్గర తాలిబాన్లు 23 మందిని చెరపట్టారు. వారిలో 16 మంది స్త్రీలు. ఆ నెల ముగిసేలోపల ఇద్దరు పురుషులను కాల్చిచంపారు. కొరియా ప్రభుత్వం తాలిబాన్లతో ముఖాముఖి చర్చించి, తన సేనలను ఆ ఏడాది చివరకు వెనక్కు రప్పిస్తాననీ, అక్కడ మిషనరీ కార్యకలాపాలు ఆపిస్తాననీ ఒప్పుకున్నాక, ఆగస్టు ముగిసేనాటికి మిగిలిన 21 మందీ విడుదలయ్యారు.

చనిపోయినవారి త్యాగాన్ని తక్కువచేసి మాట్లాడే హక్కు నాకు లేదు. చంపినవారి నేరం చంపినవారిదే. అయినా తిరిగివచ్చినవారిపట్ల కొరియా ప్రజల్లో వెల్లువెత్తిన ఆగ్రహం ఆలోచింపజేస్తుంది. పదిరోజుల యాత్రకు మూల్యం చెల్లించినవారు ఆ 23 మందే కారు. బేరానికి కూర్చోవలసివచ్చిన ఒక ప్రభుత్వమూ, ఆ తరువాత అక్కడ పని కొనసాగించలేకపోయిన దీర్ఘకాలపు సేవకులూ, వారి సేవలందుకుంటున్న అఫ్ఘాన్ జనమూ కూడా. కొద్దికాలానికి వచ్చినవాని పొరపాటుకు అక్కడే ఉండవలసినవాడు జవాబుదారీ కావలసివస్తుంది.

* * *

మరి పొట్టియాత్రలన్నీ వ్యర్థమేనా? చరిత్ర అంత సులువుగా తీర్పు చెప్పనివ్వదు. ఒక పొట్టియాత్ర ఫలం తెలంగాణలో, డోర్నకల్‌లో, నేటికీ రాతికట్టడమై నిలిచి ఉంది.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన తమిళుడు. వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా ఊళ్ళు తిరుగుతున్న రోజుల్లో, 1902లో, సముద్రం దాటి సింహళంలోని యాళ్పాణానికి, అంటే జాఫ్నాకు, కొద్దిరోజులకని పోయాడు. తమవంటి తమిళులే అయిన అక్కడి క్రైస్తవులు సొంత డబ్బుతో, సొంత మనుషులతో ఇతర ప్రాంతాలకు సేవకులను పంపుతున్నారని చూసి ఆశ్చర్యపోయాడు. అంతకంటే సంఖ్యలో ఎక్కువైన తిరునెల్వేలి క్రైస్తవులు ఆ పని ఎందుకు చేయడంలేదన్న ప్రశ్న ఆయనను పట్టుకుంది. తిరిగివచ్చిన మరుసటి ఏడే, 1903 ఫిబ్రవరిలో, తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. విదేశీ ధనమూ విదేశీ పెత్తనమూ లేని ఆ సంఘం తన తొలి కార్యక్షేత్రంగా ఎంచుకున్నది నైజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతం.

ఇతరులను పంపి ఊరుకోవడం ఆయనకు సరిపోలేదు. 1909లో తానే డోర్నకల్ వచ్చాడు. ముప్పైఅయిదేళ్ళ వయసులో తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘపు మొదటి భారతీయ బిషప్‌గా అభిషిక్తుడయ్యాడు. మసీదు మినార్లనూ దేవాలయ స్తంభాలనూ తలపించే ఆయన కట్టించిన పెద్ద చర్చి 1939లో ప్రతిష్ఠితమయింది. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశాడు. జాఫ్నాలో ఆయన ఒక గోడకు రంగువేసినట్టుగాని, ఒకరికి బోధించి మార్చినట్టుగాని ఎవరూ చెప్పరు. ఆయన అక్కడ చూశాడు, సిగ్గుపడ్డాడు, తిరిగివచ్చాడు. ఇల్లిచ్ అరవైఆరేళ్ళ తరువాత అడిగినట్టు, విద్యార్థిగా పోయాడు. ఆ కొద్దిరోజులకు ముప్పైఅయిదేళ్ళ సేవతో వడ్డీ కట్టాడు.

ఇందులో మరో విశేషముంది. 1910 జూన్‌లో ఎడింబరోలో పదిరోజులపాటు ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వచ్చిన 1,200 మంది ప్రతినిధుల్లో ఆసియావాసులు బహుకొద్దిమంది. అందులో ఒకరు అజరయ్య. అక్కడ ఆయన తెల్లదొరల మొహానే, మీరు ధనమిచ్చారు, ప్రాణాలుకూడా అర్పించారు, మాకు కావలసింది మీ స్నేహం అన్న అర్థంవచ్చేలా మాట్లాడాడు. సభలో కొందరికది కటువుగా తోచింది. మనవాడు పరదేశానికి చేసిన పొట్టియాత్ర అది; అప్పుడు కూడా ఆయన వట్టిచేతులతో పోయి నిజం ఒక్కటే ఇచ్చి వచ్చాడు.

తిరునెల్వేలి సంఘం పుట్టిన 1903లోనే నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్టిస్టులు కూడా తమ తొలి విదేశీ మిషనరీని పంపారు. ఆయన పేరు జాన్ రంగయ్య. పోయినది దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు. 1860నుండి మద్రాసు రేవుగుండా చెరకుతోటలకు ఒప్పందపు కూలీలుగా పోయిన తెలుగువారు అక్కడ వేలల్లో ఉండేవారు. రంగయ్యకు భాష నేర్చుకునే పనిలేదు. వారి మాటా, వారి ఆకలీ, వారు విడిచివచ్చిన ఊళ్ళూ ఆయనకు తెలిసినవే. అయినా కొన్నాళ్ళుండి తిరిగిరాలేదు. 1915లో మరణించేదాకా అక్కడే సంఘాలను కట్టుకుంటూ ఉండిపోయాడు. అరవైఎనిమిదేళ్ళ కిందట బోస్టన్‌నుండి ఓడ ఎక్కిన డే వేసిన విత్తు, సముద్రం దాటి మరో ఖండంలో మొలకెత్తిందన్నమాట. ఒక సెలవుల లెక్కలో ఇమిడే పంట కాదది.

* * *

ఇంత చరిత్రనూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచేది ఇది. యాత్ర పొడవూ పొట్టీ అన్నదానికంటే, పోయినవాడు ఏ హోదాలో పోయాడన్నది ముఖ్యం. నేర్పడానికి పోయేవాడికి ఎనిమిది రోజులు చాలవు. నేర్పడానికి ముందు నేర్చుకోవాలి గనుక ఎనిమిదేళ్ళుకూడా తక్కువే కావచ్చు. నేర్చుకోవడానికి పోయేవాడికి ఎనిమిది రోజులు చాలా ఎక్కువ. అజరయ్యకు అటువంటి కొద్దిరోజులు జీవితానికి సరిపడ్డాయి. నేటి యాత్రల్లో చిక్కంతా, విద్యార్థి వయసులో, విద్యార్థి అనుభవంతో పోయేవారికి గురువు పీట వేయడంలో ఉంది. వారిని పంపేవారు ఆ పీట తీసివేస్తే, తిరిగివచ్చాక ఏం చేశారన్నది అడగడం మొదలుపెడితే, అదే ఖర్చుకు ఎంతో మేలు జరుగుతుంది.

ఈ విషయం చర్చిలకు మాత్రమే సంబంధించినదని పక్కన పెట్టేయడానికి కూడా లేదు. అమెరికానుండి సెలవుల్లో సొంత ఊరికి వచ్చి, మూడు రోజుల్లో బడిగోడకు రంగులు వేయించి, పిల్లలకు పలకలు పంచి, ఫొటోలు దిగి తిరుగు విమానమెక్కే తెలుగువారు మనలో ఎందరో ఉన్నారు. వారి మంచిమనసును నేను శంకించను. భాష వారికి వచ్చు, ఊరు వారిదే. ఆ మేరకు మెక్సికో పల్లెలోని విద్యార్థికంటే వారి స్థితి మెరుగు. ఆ ఊరి పంతులుగారు ఏమంటున్నారో తీరిగ్గా కూర్చుని వినే వ్యవధి మాత్రం ఆ మూడు రోజుల్లో ఉండదు. బడికి రంగుకన్నా ముందు మరుగుదొడ్డి కావాలని ఆయన మనసులో ఉండవచ్చు. ఉపకారి ఎదుట ఆ మాట అనడానికి మొగమాటపడవచ్చు.

ఆ మొగమాటం విడిపోయేదాకా ఎదురుచూడడానికి ఎంతకాలం పడితే, మేలు చేయబూనినవాడు ఆ ఊళ్ళో అంతకాలం ఉండాలని నా అభిప్రాయం. ఉండలేనివాడు చూసి, విని, తిరిగివెళ్ళి, తాను ఉన్నచోటినుండే ఏళ్ళ తరబడి ఆ మాట నిలబెట్టుకోవచ్చు. మిత్రులలో ఇటువంటి యాత్రలు చేసినవారూ, అటువంటి అతిథులకు ఆతిథ్యమిచ్చినవారూ ఉంటే, ముఖ్యంగా వేదికమీద తర్జుమా చేసినవారెవరైనా ఉంటే, వారి అనుభవం వినాలని ఉంది.